మసకవెలుగున గాజుకన్ను

జర్మనీదేశమున మొక్కజొన్నచేలు కంకిపట్టు కాలమున, అడవి అంచున కొయ్యస్తంభములపై కట్టిన మంచెమీద, ఉన్నికోటు కప్పుకొని, తుపాకి మోకాళ్లపై నుంచుకొని, చీకటి ముదురువరకు కదలక మెదలక కూర్చుండు వేటగాడు ఎదురుచూచునది అడవిపంది కొఱకే. సూర్యుడు గ్రుంకిన గంటన్నర మొదలు మరునాటి ఉదయమునకు గంటన్నర ముందువరకు లేడిజాతి మృగములను కొట్టగూడదని ఆ దేశపు వేటచట్టము శాసించుచున్నది. అడవిపందికి మాత్రము ఈ రాత్రినిషేధము వర్తింపదు. పగలెల్ల పొదలలో పడుకొని, మాపటివేళ మందగా వెడలివచ్చి, తెల్లవారులోగా చేనిని దున్నినట్లు చేసి పోవు జంతువును పగటివేళ పట్టుకొనుట ఎట్లు? అంతేకాక ఆ పొలములపై వేటహక్కును కౌలునకు తీసికొన్నవాడే పలుచోట్ల రైతునకు పంటనష్టమును చెల్లించుకొనవలసినవాడు. కావున అతడు మంచె ఎక్కుట కొంత వినోదమునకు, కొంత విధిలేక. ఐతే మృగముపై దీపము వేయుటను, రాత్రిచూపు యంత్రములతో గురిచూచుటను అదే చట్టము చిరకాలముగా నిషేధించియున్నది. కనుక వెన్నెల, నేలపై మంచు కురిసినప్పుడు దానినుండి లేచు తెలివెలుగు, తన కంటి సహజశక్తి, తుపాకిమీద బిగించిన స్కోపు, ఈ నాలుగే అతని సాధనములు. చలికాలపు పున్నమిచంద్రుడు ఆకాశమున మిక్కిలి ఎత్తునకు వచ్చును గనుక, మంచు పఱచిన అట్టి రాత్రులకై ఆ దేశపు వేటగాండ్రు కాచుకొనియుందురు.

ఈ నిర్బంధములోనుండియే మధ్యఐరోపా స్కోపు రూపుదిద్దుకొన్నది. అమెరికాలో పెక్కు రాష్ట్రములలో లేళ్లవేట సూర్యాస్తమయమైన అరగంటతో ముగియును. కావున అచ్చట ఎల్లెడల కానవచ్చు 3-9×40 స్కోపు తేలికగా, పొందికగా నుండి ఆ అవసరమును చక్కగా తీర్చును. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ దేశముల వేటగానికి అది చాలదు. వియన్నాలో 1898లో ఆరంభమైన కాలెస్, టిరోల్ కొండలలోని స్వరోవ్‌స్కి, హెస్సెలో 1957లో పుట్టిన ష్మిట్ అండ్ బెండర్, ఇంకను జైస్, లైకా, మియోప్టా మున్నగు సంస్థలన్నియు ముందువైపు బాగుగా ఉబ్బిన పెద్దకటకపు స్కోపులను చేయుచు వచ్చుటకు కారణము ఆ చీకటిగంటలే. స్కోపుమీద వ్రాయు అంకెలలో మొదటిది వస్తువును ఎన్నిరెట్లు పెద్దదిగా చూపునో తెలుపు ఆవర్ధనము. రెండవది ముందరి కటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. మొదటి అంకెకు మాఱుగా 3-12 వంటి జంట ఉన్నచో ఆ రెంటి నడుమ ఆవర్ధనమును మార్చుకొనవచ్చును. మంచెమీది వేటకు తరతరములుగా పేరుపడిన కొలత 8×56.

వ్యాపారప్రకటనలలో తఱచుగా వినవచ్చు పాట ఒకటి కలదు: ఈ స్కోపు చీకటిని చీల్చును, వెలుగును ప్రోగుచేయును, మాపును పగలు చేయును అని. ఇందులో వినసొంపు ఎక్కువ, నిజము తక్కువ. ఎంతటి వెలగల స్కోపైనను పచ్చికబయలును గాని, పొదను గాని, పందివీపును గాని ఉత్తకంటికి తోచుదానికంటె కాంతిమంతముగా చూపజాలదు. ఇది తయారుచేసినవాని లోపము కాదు, కాంతిశాస్త్ర నియమము. ముందరి పెద్దకటకము అధికముగా వెలుగును లోనికి తీసికొనుట నిజమే. కాని ఆ వెలుగే పెద్దదైన ప్రతిబింబమంతట పఱచుకొనవలసివచ్చును గనుక దాని కాంతి పెరుగదు, గాజులో కొంత నష్టమగుటచేత ఇంచుక తగ్గును. మఱి లాభమేమి యన్నచో, కాంతి ఇంచుమించుగా తగ్గకుండనే వస్తువు ఎనిమిదిరెట్లు పెద్దదై కనబడుట. మసకవెలుగులో కన్ను సూక్ష్మమును వదలి స్థూలమునే పట్టుకొనును. చిన్నదిగా నున్నప్పుడు నీడలో కలసిపోయిన రూపము, పెద్దదైనప్పుడు చెవిగా, మూపుగా, మోరగా విడివడును. మాపటి స్కోపు చేయు పని యంతయు ఇంతే. కొనువాడు ఈ ఒక్కటి గ్రహించినచో సూచీపత్రములలోని ఆర్భాటము సగము తనంతట రాలిపోవును.

ఆ పెద్దరూపమును అందుకొనవలసినది కన్ను. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల ప్రాంతమున నుండగా, పున్నమివెన్నెల పావులక్సునకు మించుట అరుదు. ఇంతటి అంతరమును ఒకే అవయవము ఓర్చుకొనుటలో కంటిపాప విచ్చుకొనుట పాలు స్వల్పము. అసలు మార్పు నేత్రపటలమున జరుగును. పగటివేళ రంగులను, సన్నని అంచులను గుర్తించు శంకుకణములు చీకటిలో పనిమానుకొనగా, దండకణములు మేలుకొనును. వీనికి రంగులు తెలియవు, అంచులు సరిగా తెలియవు, పూర్తిగా మేలుకొనుటకు అరగంట పట్టును. ఏ విటమినుకొఱతచేత రేచీకటి కలుగునో ఆ ఎ-విటమినే వీనిలోని వర్ణద్రవ్యమునకు ఆధారము. బొహీమియాకు చెందిన శాస్త్రజ్ఞుడు యాన్ పుర్కిన్యే తెల్లవారుజామున ఎఱ్ఱపూలు నల్లబడియు, ఆకులు మాత్రము తేటగాను కనబడుటను 1819 ప్రాంతమున గమనించెను. వేసవిలో ఎఱ్ఱని ఒడలితో నుండు రో జాతిలేడి సందెవేళ బూడిదరంగు నీడయగుటకు హేతువదియే. ఇంకొక చిత్రమేమనగా, చూపు సూటిగా పడు నడిమిచోట దండకణములే లేవు. కావున చీకటిలో సూటిగా చూచినది మాయమగును, ఒకింత ప్రక్కకు చూచినది కనబడును. మంచెమీద ముదిరినవాడు దీనిని శాస్త్రము చదువకయే ఎఱుగును. అరగంటసేపు ఓపికతో సంపాదించుకొన్న ఈ రాత్రిచూపును, గంట ఎంతైనదో చూతమని సెల్‌ఫోను తెరను వెలిగించినవాడు ఆ క్షణముననే పోగొట్టుకొనును. అటుపిమ్మట అతని తుపాకిమీద ఎంత వెలగల గాజు ఉన్నను కొంతసేపు నిరుపయోగమే.

ఇక లెక్కలోనికి పోవుదము. తుపాకికి ఇంకను బిగింపని స్కోపును చేతికందినంత దూరమున పట్టుకొని, పగటివేళ తెల్లగోడవైపు త్రిప్పి, కంటివైపు కటకమును చూచినచో నల్లని వలయము నడుమ చిన్న వెలుగుబిళ్ల ఒకటి తేలుచుండును. లోనికి పోయిన వెలుగంతయు వెలుపలికి వచ్చు ద్వారమదియే. ఆవర్ధనమును మార్చు వలయమును మెల్లగా త్రిప్పుచు చూడుడు: ఆవర్ధనము పెరిగినకొలది బిళ్ల కుంచించుకొనిపోవుట, తగ్గినకొలది విచ్చుకొనుట కంటికే తెలియును. దాని వ్యాసమును తెలిసికొనుటకు ముందరి కటకపు వ్యాసమును ఆవర్ధనముచే భాగించిన చాలును. 8×56లో అది 7 మిల్లీమీటర్లు, 6×42లోను 7, 3-9×40ను 9కి త్రిప్పినచో నాలుగున్నరకు లోపు. యౌవనమున గాఢమైన చీకటిలో కంటిపాప 7 మిల్లీమీటర్లవరకు విచ్చుకొనును. బిళ్లయు పాపయు సరిసమానమైనప్పుడు కంటికి చెందవలసినదంతయు చెందును. బిళ్ల చిన్నదైనచో ప్రతిబింబము మసకబారును. పెద్దదైనచో మిగులు వెలుగు పాప చుట్టునున్న రంగువలయముపై బడి వృథాయగును. జర్మను వేటగాండ్రు 56ను ఎనిమిదితో జతపఱచుటలోని రహస్యము ఈ భాగహారమే.

వయస్సు ముదిరినకొలది కంటిపాప విచ్చుకొనుట తగ్గును. మనిషికి మనిషికి భేదమున్నను, యాబది దాటినవారిలో అది 5 మిల్లీమీటర్ల ప్రాంతముననే ఆగిపోవుట సాధారణము. అట్టివాడు 8×56తో చూచినను అతని కంటిలోనికి పోవునది 8×40 ఇచ్చునంతయే. ఐదు ఐదులు ఇరువదియైదు, ఏడు ఏడులు నలుబదితొమ్మిది. అనగా ముందరి కటకము కూడబెట్టిన వెలుగులో ఇంచుమించు సగము గుమ్మమువద్దనే నిలిచిపోవును. కాని అతడు నిరాశపడనక్కఱలేదు. 3-12×56 వంటి స్కోపును 11 వద్దకు త్రిప్పుకొన్నచో బిళ్ల 5 మిల్లీమీటర్లకు దిగును, కాంతి అతనికి ఏమాత్రము తగ్గదు, రూపము మాత్రము మఱింత పెద్దదగును. కుఱ్ఱవాడు ఎనిమిదివద్ద ఆగవలసిన చోట పెద్దవాడు పదకొండువరకు పోవచ్చునన్నమాట. దీనికి వెల లేకపోలేదు: ఆవర్ధనముతోపాటు చేతివణకును పెద్దదై కనబడును, దృశ్యము ఇఱుకగును, కదలివచ్చు మందలో ఏది ఏదో పోల్చుకొనుట కష్టమగును. ఐనను మంచె అంచున తుపాకిని ఆన్చుకొను వసతి ఉన్నది గనుక ఈ బేరము చెడ్డది కాదు. నలుబది దాటినవాడు స్కోపు కొనుటకు ముందు కంటివైద్యునియొద్దకు పోయి, మసకలో తన కంటిపాప ఎంత విచ్చుకొనునో కొలిపించుకొనుట మేలని నా అభిప్రాయము. అందులకగు ఖర్చు స్కోపు ఖరీదులో లెక్కకు రాదు.

జర్మనుల సూచీపత్రములలో సంధ్యాంకము అని మఱియొక లెక్క కానవచ్చును. ఆవర్ధనమును వ్యాసముచే గుణించి వర్గమూలము తీయగా వచ్చునది అది: 6×42కు 15.9, 8×56కు 21.2, 12×56కు 25.9. అంకె పెరిగినకొలది సందెవెలుగులో వివరము ఎక్కువగా తెలియునని దాని భావము. కాని ఇది గాజు మంచిచెడ్డలను ఎఱుగదు, కంటిపాపను ఎఱుగదు. 24×24 స్కోపు ఒకటి కలదని ఊహించుకొన్నచో దాని సంధ్యాంకము 24, అనగా 8×56కంటె ఘనము. దాని వెలుగుబిళ్ల మాత్రము ఒక్క మిల్లీమీటరు. మునిమాపున అందులో కనబడునది చీకటియే. ఈ అంకెను చూచి కొనువారిపై నాకు జాలి కలుగును.

గాజు నాణ్యమునుగూర్చి కొంత చెప్పక తీఱదు. గాజును గాలియు కలియు ప్రతి తలమునొద్దను, పూత లేనిచో, నూటికి నాలుగుపాళ్ల వెలుగు వెనుకకు మఱలిపోవును. స్కోపులో అట్టి తలములు పది ఉన్నచో మూడవవంతు వెలుగు దారిలోనే హరించును. జేనా నగరమున కార్ల్ జైస్ సంస్థలో పనిచేసిన ఉక్రెయిన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ స్మకులా 1935లో కటకములపై అతిపలుచని పొరను ఎక్కించి ఈ నష్టమును అరికట్టు ఉపాయమును కనుగొనెను. యుద్ధకాలమున దానిని సైనికరహస్యముగా కాపాడిరి. ఇప్పుడు పలుపొరల పూతలు వచ్చి, మంచి స్కోపులలో నూటికి తొంబదిపాళ్లకు మించిన వెలుగు కంటిని చేరుచున్నది. ఈ ఎత్తునకు వచ్చినపిమ్మట తొంబదిరెండునకు తొంబదినాలుగునకు గల భేదమును ఏ కన్నును పసికట్టలేదు, దానికై చెల్లించు సొమ్మును మాత్రము చేయి పసికట్టును. అంతకంటె గమనింపదగినది లోపలి చెదరువెలుగు. గొట్టము లోగోడలను సరిగా నల్లబఱుపని స్కోపులో, చంద్రుడు ఎదుటిదిక్కున ఏ మూలనో ఉన్నను, దృశ్యమంతట పాలపొర క్రమ్మినట్లు తెల్లదనము వ్యాపించి, నల్లని జంతువును నల్లని పొదనుండి వేఱుచేయు ఆ కొద్దిపాటి అంతరమును మ్రింగివేయును. ఈ గుణమును తెలుపు అంకె పెట్టెమీద వ్రాసియుండదు.

వేటగాండ్రు చివరకు ఓడిపోవునది తఱచుగా గాజువలన కాదు, గురితీగలవలన. పగటివేళ దుకాణములో సుకుమారముగా కనబడు సన్నని అడ్డతీగ, నిలువుతీగ మునిమాపున నల్లని పంది ఒడలిపై పడగానే అదృశ్యములగును. పంది కనబడును, గురి కనబడదు. దీనికి విరుగుడుగా జర్మనులు అనేకవిధములైన తీగలను కల్పించి వానికి సంఖ్యలు పెట్టిరి. అందు నాలుగవది జగత్ప్రసిద్ధము: ఎడమనుండి, కుడినుండి, క్రిందినుండి మూడు లావుపాటి కమ్ములు నడిమికి వచ్చి, అంతకుముందే ఆగిపోవును, ఆగినచోటినుండి సన్నని తీగలు సాగి మధ్యలో కలియును. పెండ్లిలో పురోహితుడు ముందుగా పెద్దచుక్కను చూపి, దాని ప్రక్కనున్న అరుంధతివద్దకు చూపును నడిపించినట్లు, లావుకమ్ములు కంటిని సన్నని కూడలివద్దకు నడిపించును. కూడలి మాసిపోయినను మూడు కమ్ముల నడిమిచోటు ఏదో మనస్సు పూరించుకొనగలదు. ఒకటవ సంఖ్యలో సన్నతీగలు అసలే లేవు, క్రిందినుండి లేచిన కమ్మి మొనయే గురి. మంచెనుండి కొట్టు దూరము సాధారణముగా నూరుమీటర్లకు లోపే గనుక ఆ మోటుదనము అక్కడ లోపము కాదు.

నేటి స్కోపులలో పెక్కింటికి కూడలియందు ఎఱ్ఱని చుక్కను వెలిగించు ఏర్పాటు కలదు. అది వెలిగించునది గురిని, మృగమును కాదు గనుక దీపనిషేధమునకు లోబడదు. దండకణములను ఎఱుపు అంతగా కదలింపదు గనుక రాత్రిచూపును అంతగా చెఱుపదు. కాని ఆ చుక్కను ఎంతవరకు తగ్గింపవచ్చునో చూచుకొని మఱియే కొనవలెను. పట్టపగటి మంచుమైదానముపై కనబడునంతగా మండు చుక్క పున్నమిరాత్రి కంటిలో చిచ్చుపెట్టి, దాని చుట్టునున్న దానినంతటిని చీకటిలో ముంచును. ఉన్నదో లేదో అనునంత సన్నగిల్లి నిలువగలిగినదే ఉత్తమమైన చుక్క. ఇట్టి చుక్కయు, నాలుగవ సంఖ్య కమ్ములును కలసియున్న మధ్యరకపు స్కోపును, సన్నతీగల గొప్ప స్కోపుకంటె నేను మెచ్చుకొందును.

గొట్టము లావుగా నున్నచో వెలుగు ఎక్కువ వచ్చునను భ్రమ ఒకటి చాలమందిలో పాతుకొనియున్నది. 25.4 మిల్లీమీటర్ల గొట్టమునకు మాఱుగా 30 మిల్లీమీటర్లది వాడుటవలన కలుగు ముఖ్యప్రయోజనము గురిని సర్దుకొను మరలకు లోపల చోటు చిక్కుట. వెలుగును నిర్ణయించునవి ముందరి కటకము, ఆవర్ధనము, పూతలు. 56 మిల్లీమీటర్ల కటకము తుపాకిగొట్టమునకు తగులకుండ ఎత్తుగా బిగింపవలసివచ్చును, అప్పుడు చెంప తుపాకిమడమపై సరిగా ఆనదు. ఆనక తల ఎత్తి చూచువాని గురి చీకటిలో నిలకడగా నుండదు. స్కోపునకు కంటికి తొమ్మిది సెంటీమీటర్ల ప్రాంతమున ఎడముండవలెను. చీకటిలో ముందుకు వంగి చూచువాని కనుబొమను తుపాకి వెనుదన్ను వచ్చి గంటుపెట్టుట ఐరోపా వేటగాండ్ర నొసళ్లపై చదువదగిన చరిత్ర. చలిరాత్రి తన ఊపిరియే కంటివైపు కటకముపై మంచుపొరయై పేరుకొనుట మఱియొక చిక్కు. స్కోపు లోపల నత్రజని నింపియుండుటవలన లోని గాజు మసకబాఱదు గాని, వెలుపలి గాజునకు ఊపిరిని ప్రక్కకు విడుచుటయే మందు.

కావున స్కోపును దుకాణపు విద్యుద్దీపముల క్రింద పరీక్షించుట వ్యర్థము. అచ్చట కంటిపాప ముకుళించియుండును, ప్రతి స్కోపును బాగుగనే తోచును. ఒప్పుకొన్న వర్తకునితో రెండు మూడు స్కోపులను, తుపాకి లేకుండ, సందెవేళ ఆరుబయటికి తెచ్చి, అన్నింటిని ఒకే ఆవర్ధనమునకు త్రిప్పి, చీకటి క్రమ్ముచున్న కంచెమొదటనో చెట్లగుబురుననో ఒకే కొమ్మను మార్చి మార్చి చూడవలెను. ఏ గాజులో ఆ కొమ్మ కడపట మాయమగునో అది ముందు మీ కంటికి తగినది; పొరుగువాని కంటికి కాకపోవచ్చును. అదేవేళ నల్లగుడ్డ నొకదానిని కంచెపై వేసి గురితీగలు దానిమీద కనబడునో లేదో చూచుకొన్నచో పరీక్ష పూర్తియగును.

మన దేశమున ఈ చర్చకు కొనుగోలుతో నిమిత్తము లేదు. టార్చిలైటును తుపాకికి బిగించుకొని మంచెలపై రాత్రులు గడపిన కెన్నెత్ ఆండర్సన్ వంటి వేటగాండ్ర కాలము, అతడు చిత్తూరు అడవులలోని చామల లోయనుగూర్చి వ్రాసిన కాలము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో ముగిసినది. పంటను పాడుచేయు అడవిపందిని కొట్టవలెనన్నను ఆ చట్టపు 11వ సెక్షను క్రింద అధికారి లిఖితపూర్వకమైన ఉత్తరువు కావలెను. వేరుసెనగచేని మంచెపై డబ్బాలు వాయించుచు రాత్రి జాగారము చేయు రాయలసీమరైతునకు ఈ గాజులతో పనిలేదు. కాని వెలుగుబిళ్ల లెక్క తుపాకిని అంటిపెట్టుకొన్నది కాదు. నేలపట్టునకో కొల్లేటికో పక్షులను చూడబోవువాడు 10×25 చిన్నదుర్భిణిని తీసికొనిపోయి, సూర్యుడు వాలగానే ఏమియు కానరాలేదని విసుగుకొనుటకు కారణము దాని బిళ్ల రెండున్నర మిల్లీమీటర్లే యగుట. 8×42 తెచ్చుకొన్నవాడు మఱికొంతసేపు చూచును. నావికులు 7×50ను ఎన్నుకొనుటకు మూలమును ఇదియే.

ఇంతకును మంచెమీదివానికి ఈ వెలుగంతయు ఎందులకు? నూరుమీటర్లలోపున పందియంతటి జంతువునకు గురి తగిలించుట కష్టము కాదు. అది ఏ పంది అని తేల్చుకొనుట కష్టము. ఎత్తైన గడ్డిలో ఒంటరిగా తోచిన ఆడపంది వెనుక చారలపిల్లలు దాగియుండవచ్చును. పిల్లలను పెంచుచున్న తల్లిని కొట్టుట జర్మనీలో నేరము. గుండు దాటిపోయినచో దాని వెనుక మట్టికట్ట ఉన్నదో, బాట ఉన్నదో తెలియవలెను. ఈ సంగతులు తేలనిచో తుపాకిని దింపుకొని ఇంటిదారి పట్టవలెను. మంచి స్కోపున్నవాడు కాల్చుటకు ఎంత తఱచుగా నిశ్చయించునో, కాల్చకుండుటకును అంత తఱచుగా నిశ్చయింపగలుగును.

జర్మనీలో చిరకాలముగా నున్న రాత్రిచూపు యంత్రముల నిషేధము ఇప్పుడు కొంత సడలినది. 2020 సెప్టెంబరులో ఆఫ్రికా పందిజ్వరము పోలండు సరిహద్దునొద్ద బ్రాండెన్‌బుర్గులోని అడవిపందులలో బయటపడినది. ఆ సంవత్సరముననే ఆయుధచట్టమును సవరించి, స్కోపునకు జతపఱచు రాత్రిచూపు పరికరములను వేటలైసెన్సు గలవారు కలిగియుండుటకు ఒప్పుకొనిరి. ఐనను వేటలో వానిని వాడవచ్చునో లేదో ఆయా రాష్ట్రముల వేటచట్టమే తేల్చును. వేడిని పసికట్టు యంత్రమును చేతపట్టుకొని పందిజాడ తీయుట ఇప్పుడు అచ్చట సర్వసాధారణమైనది. స్కోపు ముందు బిగించు యంత్రము తన తెరపై తానే బొమ్మ గీయును గనుక, దాని వెనుకనున్న స్కోపునకు 56 మిల్లీమీటర్ల కటకముతో పనిలేదు. ఎక్కువ ఆవర్ధనము పెట్టినచో ఆ బొమ్మ చుక్కచుక్కలుగా విడిపోవును. అట్టి యంత్రమును వాడదలచినవాడు తేలికపాటి చిన్నస్కోపునే కొనుట మేలు. యంత్రము లేనివాడు, చట్టము ఒప్పని రాష్ట్రమువాడు, సందెలేళ్లకొఱకు మాత్రమే కూర్చుండువాడు పాత 8×56ను వెదకికొనవచ్చును. నాలుగవ సంఖ్య తీగలతో, గీత పడని గాజుతో, వాడిన స్కోపు దొరకినచో క్రొత్తదాని వెలలో కొద్దిభాగమునకే అతని పని నెఱవేఱును.